మెకానిక్ టూల్ బాక్స్ సర్దుకోవడం ఎలా: షెడ్డు బీరువా నుంచి రోడ్డు పెట్టె దాకా

నెల్లూరు ఆటోనగర్‌లో గానీ, ఒంగోలు బైపాస్ పక్కన గానీ ఏ షెడ్డులో కాసేపు నిలబడినా ఒక మాట తప్పకుండా వినపడుతుంది: "పదీ పదకొండు పానా యాడ పెట్టావురా?" ఆ పానా బండి కింద ఉంటుంది. లేదంటే పక్క షెడ్డులో ఉంటుంది. రెండు చోట్లా లేకపోతే ఏ లారీ ఛాసిస్ మీదో కూర్చుని ఈపాటికి టంగుటూరు టోల్‌గేట్ దాటి ఉంటుంది.

సర్దడమంటే చేతికి అందేలా పెట్టుకోవడమని చాలామంది అనుకుంటారు. నా లెక్కలో అది సగం పనే. కావలసిన పానాని ఎలాగోలా వెతికి తీస్తాం, అది లేకపోతే పని ముందుకు పోదు కాబట్టి. తిరిగి పెట్టేటప్పుడు ఆ తొందర ఉండదు. ఒళ్లు అలిసిపోయి ఉంటుంది, కస్టమర్ డబ్బులిచ్చి బండి స్టార్ట్ చేసుకుంటుంటాడు, టీ కూడా వచ్చేసి ఉంటుంది. అందుకని అలిసిన చెయ్యి కూడా సులువుగా తిరిగి పెట్టగలిగేలా, పెట్టకపోతే ఆ ఖాళీ వెంటనే కంట్లో పడేలా పెట్టె ఉండాలి. కింద చెప్పేదంతా ఈ రెండింటి కోసమే. బైకులు, కార్లు, లారీలు, ట్రాక్టర్లు, చెరువుగట్ల మీద ఇంజన్లు, ఏది చేసేవాళ్లకైనా వర్తిస్తుంది.

ముందు అంతా కింద పోయండి

దీనికి మంచి రోజు ఆయుధపూజ ముందు రోజు. ఎలాగూ ఆ రోజు పానాలన్నీ డీజిల్‌లో కడిగి, తుడిచి, బొట్టు పెట్టడానికి సిద్ధం చేస్తాం. అంతవరకు ఆగలేకపోతే ఏ ఆదివారమైనా సరే. టార్పాలిన్ పట్ట పరిచి పెట్టెలో ఉన్నవి, బెంచీ కింద ఉన్నవి, బండి డిక్కీలో ఉన్నవి, గోడ మేకులకు వేలాడేవి అన్నీ ఒకచోట పోయండి. సగం సామాను మాత్రమే తీసి సర్దితే మిగతా సగం మళ్లీ వచ్చి పైన కూర్చుంటుంది.

కడిగి ఆరబెట్టాక కుప్పలు వేయండి. రోజూ వాడేవి ఒక కుప్ప, వారానికో నెలకో ఒకసారి వాడేవి ఇంకో కుప్ప. ఎప్పుడో ఇంజిన్ దించినప్పుడు మాత్రమే అవసరమయ్యే పుల్లర్లు, వాల్వ్ స్ప్రింగ్ కంప్రెసర్, రింగ్ కంప్రెసర్ లాంటివి వేరే. పక్కవాళ్లవి వేరే, వాటిని ఈరోజే తిరిగి ఇచ్చేయండి. చివరి కుప్ప అరిగినవీ విరిగినవీ.

ఈ చివరి కుప్ప దగ్గర మనసు గట్టి చేసుకోవాలి. దీన్ని ఇలా చూడండి:

కొత్త బోల్టు తీసుకుని డబుల్ ఎండ్ పానా (రెండు కొసలా నోరున్నది) నోట్లో పెట్టి ఆడించండి. కొద్దిగా కదలడం మామూలే. నోరు విచ్చుకుని బోల్టు మూలల మీద జారుతుంటే ఆ పానా ఇక బోల్టుల్ని గుండ్రం చేసే యంత్రమే, పక్కన పడేయండి. రింగ్ పానాలోనూ సాకెట్లోనూ లోపలి మూలలు చూడాలి. సాకెట్ అంచున వెంట్రుకంత పగులు కనిపించినా దాన్ని వాడకూడదు. క్రోమ్ పూత పొరలుగా లేస్తున్న పానా చేతిని కోస్తుంది, ఆ పెచ్చు కంట్లోకి ఎగిరితే మరీ ప్రమాదం. ఉలి, పంచ్ తలలు సుత్తి దెబ్బలకు పుట్టగొడుగులా విచ్చుకుంటాయి. వాటిని పడేయనక్కర్లేదు, గ్రైండర్ మీద అంచులు తీసి ఏటవాలుగా చేసుకుంటే చాలు. గ్రైండ్ చేసేటప్పుడు మధ్యమధ్య నీళ్లలో ముంచండి. మొన నీలంగా మారిందంటే పదును పోయినట్టే. సుత్తి పిడి ఊగుతుంటే కొత్త చీల కొట్టండి. సుత్తిని రాత్రంతా నీళ్లలో నానబెడితే ఆ పూటకి బిగుసుకుంటుంది గానీ ఎండాక మళ్లీ మొదటికే వస్తుంది.

అరిగిన పానాలు పాత ఇనుముకి వేయడం ఇష్టం లేకపోతే వంచి ప్రత్యేకమైన పనిముట్లు చేసుకునేవాళ్లు ఉన్నారు. మంచిదే. కాకపోతే వాటికి వేరే డబ్బా పెట్టండి, మంచి సెట్టులో కలపొద్దు.

మీ బండ్లకు ఏ నంబర్లు కావాలో తేల్చుకోండి

పెట్టె కొనేముందు ఇది చేయాలి, ఎందుకంటే పెట్టె ఎంత ఉండాలో ఇదే చెబుతుంది.

బజారులో దొరికే పన్నెండు పానాల డబుల్ ఎండ్ సెట్టు మామూలుగా ఇలా వస్తుంది: 6-7, 8-9, 10-11, 12-13, 14-15, 16-17, 18-19, 20-22, 21-23, 24-27, 25-28, 30-32. ఇందులో మీ చేతికి రోజూ వచ్చేవి కొన్నే. ఏవి వస్తాయన్నది బండి ఏ దేశపు పద్ధతిలో పుట్టిందన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఎం8 అంటే మర ఉన్న కాడ మందం 8 మిల్లీమీటర్లు, పానా నంబరు మాత్రం బోల్టు తల వెడల్పు. జపాన్ పద్ధతిలో తయారైన బైకుల్లో, కార్లలో ఎం8 బోల్టు తల 12 నంబర్, ఎం10 కి 14, ఎం12 కి 17. పాత జర్మన్ పద్ధతిలో అవే బోల్టులకు 13, 17, 19. తర్వాత వచ్చిన అంతర్జాతీయ ప్రమాణంలో 13, 16, 18. మూడింటిలోనూ మారనిది ఎం6 బోల్టు, దానికి ఎక్కడైనా 10 నంబరే. ప్రపంచంలో అందరు మెకానిక్కులకూ 10 నంబర్ సాకెట్ పోతూ ఉండడానికి కారణం కూడా ఇదే. అన్నిటికంటే ఎక్కువసార్లు పెట్టెలోంచి బయటికి వచ్చేది అదే మరి. సెట్టులో వచ్చిన ఒక్కదానితో సరిపెట్టుకోకుండా 10, 12, 14 విడిగా రెండేసి కొనిపెట్టుకోండి.

కాబట్టి బైకుల షెడ్డుకి 8, 10, 12, 14, 17, 19 ముందు వరుసలో ఉండాలి. లారీలూ ట్రాక్టర్లూ చేసేవాళ్లకి 13, 16, 17, 18, 19, 24, 30, 32 ముందుకొస్తాయి. రెండూ చేసేవాళ్లు రెండు వరుసలు వేసుకోవడమే మేలు.

స్టార్ స్క్రూడ్రైవర్ల విషయం కూడా ఇక్కడే. జపాన్ బైకుల కార్బొరేటర్ స్క్రూలకు మామూలు స్టార్ డ్రైవర్ పెట్టి తిప్పితే పైకి లేచి గాడి తినేస్తుంది. ఆ స్క్రూల గాడి కొలత కొంచెం వేరు. జేఐఎస్ (జపాన్ ప్రమాణం) రకం డ్రైవర్లు రెండు కొని, పిడికి పసుపు రంగు పూసి వేరుగా పెట్టుకోండి.

తూకం వేయించి పెట్టె ఎంచుకోండి

పానాలు ఎంత బరువుంటాయో మనకి అంచనా ఉండదు. ఉంచుకోవాలనుకున్నవన్నీ గోతాల్లో వేసి పక్కన ఎరువుల షాపులో కాటా మీద పెట్టండి. చాలామందికి వచ్చే అంకె చూసి నోట మాట రాదు. మోసుకెళ్లే పెట్టె సామానుతో కలిపి 20 కిలోలు దాటకుండా చూసుకోండి. అంతకు మించితే దాన్ని పెట్టె అనొద్దు, నడుం నొప్పి అనండి.

షెడ్డులో ఉండే పెట్టెకి మూడు దారులున్నాయి. కంపెనీ రోలర్ క్యాబినెట్ కొనడం, వెల్డింగ్ షాపులో చేయించడం, ఇంట్లో పాత స్టీలు బీరువాని మార్చుకోవడం. బీరువా చవక గానీ అరలు లోతుగా ఉండి వెనకున్నది కనపడదు, పుల్లర్లకూ జాకీలకూ అయితే పనికొస్తుంది. రోజువారీ పానాలకు సొరుగులే కావాలి.

వెల్డింగ్ షాపులో చేయించేటట్టయితే ఈ కొలతలు చెప్పండి. బాడీకి 18 గేజ్ రేకు, అంటే దాదాపు 1.2 మిల్లీమీటర్లు. సొరుగులకి 20 గేజ్, దాదాపు 0.9 మిల్లీమీటర్లు. సొరుగు అంచులు లోపలికి మడిచి కొట్టించాలి, లేకపోతే రేకు చేతిని కోస్తుంది. కింద ఎల్ యాంగిల్ ఫ్రేము. సొరుగులకు ఫర్నిచర్ సామాను అమ్మే చోట దొరికే బాల్ బేరింగ్ టెలిస్కోపిక్ చానల్ వాడండి, పూర్తిగా బయటికి వచ్చే రకం. మామూలు చానల్ జత 45 కిలోల దాకా మోస్తుందని చెప్పి అమ్ముతారు. దాన్ని సగంగా లెక్కేసుకోండి, బరువు సామాను ఉన్న సొరుగుకి రెండు జతలు పెట్టించండి.

చక్రాల దగ్గర చాలామంది తప్పు లెక్క వేస్తారు. పెట్టె, సామాను, ముందుముందు కొనబోయేవి అన్నీ కలిపి 240 కిలోలు అనుకుంటే నాలుగు చక్రాలకు అరవై చొప్పున అని కొంటారు. మన షెడ్ల నేల ఎత్తుపల్లాలుగా ఉంటుంది, చాలాసార్లు మూడు చక్రాలే నేలను తాకుతాయి. కాబట్టి మూడుతో భాగించండి, ఒక్కో చక్రం 80 కిలోలు మోయాలి. ఐదు అంగుళాల చక్రాలు తీసుకోండి, రెండు తిరిగేవి, రెండు స్థిరంగా ఉండేవి. తిరిగే రెండింటికీ బ్రేకు ఉండాలి.

ఇంకొకటి. పై సొరుగులు రెండు మూడు ఒకేసారి లాగితే పెట్టె ముందుకి ఒరిగి మీద పడుతుంది. కంపెనీ క్యాబినెట్లలో ఒకటి తెరిస్తే ఇంకోటి రాకుండా లోపల లాక్ ఉంటుంది. చేయించుకునే పెట్టెలో అది ఉండదు కాబట్టి వెనక నుంచి గోడకి గొలుసు వేయండి. సొరుగులు తెరిచి పెట్టెను తోయొద్దని హెల్పర్లకి మొదటి రోజే చెప్పండి.

ఏ సొరుగులో ఏది

బరువు కిందికి, చిన్నవీ సున్నితమైనవీ పైకి. మధ్యలో నడుం ఎత్తున ఉండే సొరుగులే బంగారం, అక్కడ రోజూ వాడేవి ఉండాలి. నేను వేసే వరుస ఇది.

అన్నిటికంటే పైన రెండంగుళాల లోతు సొరుగు: ఫీలర్ గేజ్, వెర్నియర్, మల్టీమీటర్, టెస్ట్ ల్యాంపు, ఎల్లెన్ కీలు, మార్కర్లు. రెండోది సాకెట్లకి. మూడోది పానాలకి, ఎడమ పక్క రింగులు, కుడి పక్క డబుల్ ఎండ్‌లు. నాలుగోది ప్లయర్లకీ స్క్రూడ్రైవర్లకీ, కటింగ్ ప్లయర్, నోస్ ప్లయర్, లోపలికీ బయటికీ సర్‌క్లిప్ ప్లయర్లు, వైస్ గ్రిప్. ఐదోది కొంచెం లోతుగా సుత్తులు, ఉలులు, పంచ్‌లు, ఆకురాళ్లు. ఆకురాళ్లు ఒకదానికొకటి రాసుకుంటే పళ్లు పోతాయి, వాటి మధ్య అట్టముక్క పెట్టాలి. అడుగున లోతైన అరలో ముప్పావు అంగుళం డ్రైవ్ (పిడి తగిలే చదరపు కన్నం) సాకెట్లు, పుల్లర్లు, పైప్ రెంచీలు.

సాకెట్ల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. పిడి వేరు, తల వేరు అన్న ఆలోచన ఇప్పుడు మనకి మామూలుగా అనిపిస్తుంది. 1920లో అమెరికాలో జోసెఫ్ జాన్సన్ ఐదు పిడులకు పది సాకెట్లు మార్చి మార్చి తగిలించుకునే సెట్టు అమ్మడంతోనే స్నాప్-ఆన్ కంపెనీ పుట్టింది. అంతకుముందు సైజుకో పానా ఉండేది. మార్చి తగిలించే వీలుతో పాటే వాటిని పోగొట్టుకునే వీలు కూడా వచ్చింది. సాకెట్లను డబ్బాలో కలిపి పోస్తే కావలసింది దొరకదు. డ్రైవ్ సైజుని బట్టి మూడు వరుసలు చేయండి, పావు అంగుళం, మూడెనిమిదులు (3/8 అంగుళం), అర అంగుళం. ఒక్కో వరుసలో చిన్నది ఎడమ, పెద్దది కుడి. ఒక రేకు పట్టీ మీద బోల్టులు నిలువుగా వెల్డింగ్ చేయించి వాటికి సాకెట్లు తగిలిస్తే సరిపోతుంది, పట్టీ కొనక్కర్లేదు. ప్రతి బోల్టు పక్కనా నంబరు తెల్ల పెయింటుతో పెద్దగా రాయండి.

నల్లటి ఇంపాక్ట్ సాకెట్లనీ మెరిసే క్రోమ్ సాకెట్లనీ ఒకే వరుసలో పెట్టొద్దు. దెబ్బలు కొడుతూ తిప్పే ఇంపాక్ట్ గన్‌కి క్రోమ్ సాకెట్ తగిలిస్తే పగిలి ముక్కలు ఎగురుతాయి. తొందరలో చేతికి ఏది అందితే అది తగిలిస్తారు కాబట్టి రెండూ వేరు వేరు సొరుగుల్లో ఉండాలి. బైకు మెకానిక్కులకి దీంతో పెద్దగా పనిలేదు గానీ లారీ వీల్ నట్లు విప్పేవాళ్లకి ఇది తప్పదు.

సైజు వరుసా, పని వరుసా అన్న వాదన పాతదే. కొందరు మేస్త్రీలు బ్రేకు పనికి ఒక ట్రే, క్లచ్ పనికి ఒక ట్రే పెట్టుకుంటారు. అలా చేస్తే 12 నంబర్ ఎన్ని ట్రేల్లో ఉండాలి? నా పద్ధతిలో సొరుగులన్నీ సైజు వరుసలోనే ఉంటాయి. ఒకే ఒక్క ట్రే మాత్రం ఎక్కువగా వచ్చే పనికి, మామూలు సర్వీసింగ్‌కి. ప్లగ్ పానా, ట్యాపెట్ సెట్ చేసేవి, చైన్ బిగించేవి, డ్రెయిన్ బోల్టుది, ఎయిర్ ఫిల్టర్ స్క్రూడ్రైవర్. పొద్దున ఆ ట్రే బండి పక్కన పెట్టుకుంటే సగం నడక తగ్గుతుంది.

ప్రతిదానికీ ఒక గుంట

విమానాలు బాగుచేసే హ్యాంగర్లలో పెట్టెలో ఒక్క పనిముట్టు లెక్క తగ్గినా అది దొరికేదాకా విమానాన్ని వదలరు. అక్కడ సొరుగు తెరిస్తే నల్ల ఫోమ్‌లో ప్రతి పానా ఆకారంలో గుంట ఉంటుంది, అడుగున పసుపో ఎరుపో రంగు. పానా లేకపోతే ఆ రంగు అరుస్తుంది. మన షెడ్డుకి ఇది చాలా తక్కువ ఖర్చులో అవుతుంది.

కావలసినవి రెండు రంగుల ఈవీఏ ఫోమ్ షీట్లు, పైది నలుపు, కిందది ఎరుపు. పిల్లల ఆట చాపలుగా అమ్మేవి కూడా పనికొస్తాయి. సోఫా స్పాంజి వద్దు, అది నూనెనీ తేమనీ పీల్చుకుని పానా అడుగు తుప్పు పట్టిస్తుంది. థర్మోకోల్ అస్సలు వద్దు, పెట్రోల్ తగిలితే కరిగి జిగురైపోతుంది.

పై షీటుని సొరుగు కొలతకి కోసి, పానాలన్నీ దాని మీద పేర్చి చూడండి. ఒక రోజు అలాగే వదిలి పని చేయండి. చెయ్యి ఎటు పోతుందో దాన్ని బట్టి చోటు మార్చుకుంటారు. తర్వాత తెల్ల పెన్సిల్‌తో చుట్టూ గీసి, కొత్త బ్లేడు వేసిన కట్టర్‌తో నిలువుగా కోయండి. బ్లేడు వంచితే గుంట ఒక పక్క వదులవుతుంది. పానా మధ్యలో రెండు వేళ్లు పట్టేంత అర్ధచంద్రంగా అదనంగా కోయడం మరవొద్దు, లేకపోతే పానాని తీయడానికి ఇంకో స్క్రూడ్రైవర్ కావాలి. పానా మందంలో సగమే గుంటలోకి దిగాలి. ఆ తర్వాత రెండు షీట్లనీ రబ్బరు సొల్యూషన్‌తో అంటించండి. ప్రతి గుంట ఎరుపు అడుగున నంబరు రాయండి. ఖాళీగా ఉన్నప్పుడే ఆ నంబరు అవసరం.

కొత్తగా కొనబోయేవాటికి ఒక పక్క చోటు వదిలేయండి. నిండుగా కోసేసిన సొరుగులో కొత్త పానా వస్తే మొత్తం మళ్లీ కోయాలి.

ఫోమ్ ఓపిక లేనివాళ్లకి గోడ బోర్డు ఉంది. ప్లైవుడ్ మీద మేకులు కొట్టి, ప్రతి పనిముట్టు నీడలా పెయింటుతో గీయడమే. బోర్డు వాన జల్లు కొట్టని గోడకే ఉండాలి. రోడ్డు వైపుండే షెడ్లలో బోర్డు మీది సామాను అందరికీ కనిపిస్తుంది, దొంగలకి కూడా.

పానాల మీద నంబర్లు చిన్నగా ఉండి, నూనె పట్టి కనపడవు. తెల్ల పెయింటుగానీ గోళ్ల రంగుగానీ ఆ అంకెల గుంటల్లో పూసి, ఆరేలోపు పైన గుడ్డతో తుడిస్తే అంకె తెల్లగా మిగిలిపోతుంది. కొత్తగా వచ్చిన కుర్రాళ్లకి ఇది చాలా సాయం.

రోడ్డు పెట్టె

హైవే మీద బ్రేక్‌డౌన్‌కి వెళ్లడం, కృష్ణపట్నం పోర్టు దారిలో ఆగిపోయిన లారీ దగ్గరికి పోవడం, కోతల కాలంలో పొలంలో నిలిచిపోయిన హార్వెస్టర్‌కి పరిగెత్తడం, రొయ్యల చెరువు మీద అర్ధరాత్రి ఇంజిన్ ఆగిందని ఫోన్ వస్తే బైకెక్కడం. వీటికి షెడ్డు సొరుగులోంచి ఏరుకుని గోతంలో వేసుకుని పోతే రెండు చోట్లా లెక్క తప్పుతుంది. రోడ్డు పెట్టె పూర్తిగా వేరేగా ఉండాలి, దాని పానాలు దానివే. ఖర్చే గానీ మొదట ఆరు నంబర్లతో మొదలుపెట్టి పెంచుకోవచ్చు.

దీనికి రెండు పక్కలకీ తెరుచుకునే ఐదు అరల ఇనుప పెట్టె మంచిది. ఒక్కసారి తెరిస్తే అన్ని అరలూ కనిపిస్తాయి, చీకట్లో టార్చి వేసినా చాలు. పై రెండు అరల్లో పానాలు, రింగులు. మధ్య అరల్లో ప్లయర్లు, స్క్రూడ్రైవర్లు, టెస్ట్ ల్యాంపు. అడుగున సుత్తి, అర అంగుళం రాచెట్, ఎక్స్‌టెన్షన్ రాడ్డు. వీటితో పాటు కొంచెం వైరు, ఇన్సులేషన్ టేపు, ఫ్యూజులు, హోస్ క్లిప్పులు, బైండింగ్ వైరు, ఎం సీల్, ఒక జత చేతి తొడుగులు. తలకి కట్టుకునే లైటు ఒకటి తప్పకుండా పెట్టుకోండి, సెల్‌ఫోన్ నోట్లో పెట్టుకుని పని చేయడం ఎన్నాళ్లు?

మూత లోపలి వైపు పెట్టెలో ఉన్నవాటి పట్టీ అంటించండి. బయల్దేరే ముందు ఆ పట్టీ చూస్తూ లెక్కపెట్టండి, పని అయ్యాక బండి స్టార్ట్ చేయించేముందు మళ్లీ. డ్రైవర్ ఎంత తొందరపెట్టినా సరే, "ఒక్క నిమిషం అన్నా, సామాను చూసుకోనీ" అనండి. ఫ్యాన్ పక్కన మరిచిపోయిన పానా రేడియేటర్‌ని చీల్చితే ఆ నష్టం మీ పేరు మీదే పడుతుంది.

ఉప్పుగాలికి ఒకలా, రాతి దుమ్ముకి ఇంకోలా

మన దగ్గర రెండు రకాల శత్రువులున్నారు, ఒకరికి వేసిన మందు ఇంకొకరి దగ్గర పనిచేయదు.

తీరం వైపు, అంటే ముత్తుకూరు, జువ్వలదిన్నె, కొత్తపట్నం ప్రాంతాల్లో గాలిలోనే ఉప్పు ఉంటుంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు తనంతట తానే నీరు పీల్చుకుని తడిసిపోతుంది. అందుకే వాన పడకపోయినా, నీళ్లు తగలకపోయినా పొద్దున్నే పానా మీద చెమట పట్టినట్టు ఉంటుంది. చెరువు మీద పని చేసి వచ్చాక చాలామంది నేరుగా నూనె గుడ్డతో తుడుస్తారు. దానివల్ల ఉప్పు నూనె పొర కిందే ఉండిపోయి లోపల్నుంచి తింటుంది. ముందు మంచినీళ్లతో కడగాలి, పొడిగుడ్డతో తుడిచి ఎండలో ఆరబెట్టాలి, ఆ తర్వాతే పల్చగా నూనె. కొత్త ఇంజిన్ ఆయిల్ రెండు చుక్కలు బనియన్ గుడ్డకి వేసి రుద్దితే చాలు. వాడేసిన నల్ల ఆయిల్ వద్దు, అందులో ఆమ్లాలూ మసీ ఉంటాయి. సొరుగుల్లో సిలికా జెల్ సంచులు వేయండి, రంగు మారే రకమైతే ఎప్పుడు మార్చాలో తెలుస్తుంది. కొత్త బేరింగులు చుట్టి వచ్చే నూనె కాగితం పారేయకుండా సొరుగు అడుగున పరవండి.

ఆక్వా సామాను (రొయ్యల చెరువులకి వాడేవి) ఉండే గదిలో టూల్ బాక్స్ పెట్టొద్దు. బ్లీచింగ్ పౌడర్ నుంచి వచ్చే క్లోరిన్ ఆవిరి మూసిన పెట్టెలోని క్రోమ్‌ని కూడా మచ్చలు చేస్తుంది. షెడ్డులో బ్యాటరీలు చార్జింగ్ పెట్టే బల్ల కూడా అంతే, అక్కడ ఆసిడ్ ఆవిరి. పెట్టెను రెండో గోడకి జరపండి.

చీమకుర్తి వైపు కథ వేరు. గ్రానైట్ క్వారీల టిప్పర్లు, ఎక్స్‌కవేటర్లు, కంప్రెసర్లు చేసేవాళ్లకి తుప్పు కంటే దుమ్ము ఎక్కువ బాధ. అక్కడ పానాలకి తీరం వాళ్లలా నూనె రాస్తే దుమ్ము అంటుకుంటుంది. నూనెలో కలిసిన రాతి పొడి వాల్వ్ గ్రైండింగ్ పేస్టులా పనిచేస్తుంది, రాచెట్ పళ్లనీ చానల్ బేరింగుల్నీ అరగదీస్తుంది. కాబట్టి అక్కడ పొడిగా ఉంచండి, వాడేముందూ వాడాకా తుడవండి. సొరుగుల ముందు తలుపు ఉన్న పెట్టె తీసుకోండి, లేకపోతే ముందు రెక్సిన్ తెర వేలాడదీయండి. గాలి గొట్టంతో సొరుగులు ఊదొద్దు, దుమ్ము బేరింగుల్లోకే పోతుంది. వాక్యూమ్ క్లీనరో బ్రష్షో వాడండి.

ఇక వాన. మనకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, తుపాన్లతో. 2021 నవంబరులో పెన్న పొంగి నెల్లూరు చుట్టుపక్కల నీళ్లు వచ్చినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు కట్టే కొట్టుకుపోయింది. పల్లపు షెడ్డులో ఉన్నవాళ్లు అక్టోబరుకి ముందే పెట్టెను సిమెంటు దిమ్మె మీదికి ఎక్కించాలి. పవర్ టూల్స్, మల్టీమీటర్, బ్యాటరీలు అడుగు సొరుగుల్లో ఉంటే పైకి మార్చాలి. నీళ్లలో మునిగిన పానాలు పాడవవు, ఆ రోజే కడిగి ఆరబెట్టి నూనె రాస్తే చాలు. బురద ఎండనిస్తేనే చేటు. రాచెట్లు మాత్రం విప్పి కడగాలి.

కొలత సామాను

వీటికి మర్యాద ఎక్కువ. వెర్నియర్, మైక్రోమీటర్ వాటి పెట్టెల్లోనే ఉండాలి, పైన ఏ బరువూ పెట్టొద్దు. ఫీలర్ గేజ్ రేకులకి పల్చగా నూనె రాయండి, తుప్పు పట్టిన రేకు చూపే సందు అబద్ధం.

బోల్టుని ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే టార్క్ రెంచ్ క్లిక్ రకం అయితే పని కాగానే స్కేలు మీదున్న అన్నిటికంటే చిన్న అంకెకు తిప్పి పెట్టాలి. బిగించి వదిలేస్తే లోపలి స్ప్రింగు నొక్కుకునే ఉండి బలం తగ్గుతుంది, అలాగని పూర్తిగా వదులు చేసినా పాడవుతుంది. బోల్టులు విప్పడానికి దాన్ని వాడొద్దు. ఏడాదికోసారి గానీ ఐదు వేల క్లిక్కులకోసారి గానీ, ఏది ముందొస్తే అప్పుడు కాలిబ్రేషన్ (కొలత సరిచూడటం) చేయించడం అంతర్జాతీయ ప్రమాణం చెప్పే పద్ధతి.

నట్లూ బోల్టులూ

"ఎప్పటికైనా పనికొస్తుంది" డబ్బా ప్రతి షెడ్డులోనూ ఉంటుంది. దాన్ని దులిపి, వంగినవీ మర అరిగినవీ తీసేసి, మిగిలినవాటిని మందాన్ని బట్టి మాత్రమే వేరుచేస్తే చాలదు, మర పిచ్‌ని (పక్కపక్క మరల మధ్య దూరాన్ని) బట్టి కూడా చేయాలి. ఎం8 లో ఎక్కువగా 1.25 పిచ్ వస్తుంది, గొడవ ఉండదు. ఎం10 లో మాత్రం 1.5 ఉంది, జపాన్ బండ్లలో 1.25 ఉంది. ఎం12 లో 1.75, 1.25 రెండూ వస్తాయి. ఒకదాని చోట ఇంకోటి పెట్టి బలవంతంగా తిప్పితే అల్యూమినియం కేసింగ్‌లో మర పోతుంది. పిచ్ గేజ్ లేకపోతే తెలిసిన బోల్టుని పక్కన ఆనించి వెలుతురులో చూడండి, పళ్లు ఒకదాంట్లో ఒకటి ఇమిడిపోతే అదే పిచ్.

ఇంజిన్ కవర్ విప్పినప్పుడు ఒక అట్ట మీద ఆ కవర్ ఆకారం గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చండి. పొడుగు బోల్టు పొట్టిదాని చోట పెడితే లోపల తగిలి కేసింగ్ పగులుతుంది, ఈ అట్ట ఆ బెడద లేకుండా చేస్తుంది. కోడిగుడ్ల ట్రే కూడా మంచిదే, ఒక్కో గుంటలో ఒక్కో భాగం నట్లు.

సాయంత్రం లెక్క, అప్పులు

షట్టర్ వేసే ముందు సొరుగులు ఒక్కొక్కటి లాగి చూడటం హెల్పర్ పని చేయండి. ఎర్రగా కనిపించిన గుంట నంబరు పైకి చదవాలి, అంతే. వెతకడం ఆ రాత్రే జరగాలి. బండ్లు ఇంకా షెడ్డులోనే ఉంటాయి, తెల్లారితే వెళ్లిపోతాయి. దొరకలేదని తేలితే అక్కడ అరిగిన పానా ఏదో పెట్టి గుంట నింపొద్దు. కొత్తది వచ్చేదాకా ఆ ఎరుపు అలాగే కనపడనివ్వండి.

పక్క షెడ్డు వాళ్లకి అప్పివ్వకుండా ఆటోనగర్‌లో బతకలేం. "మామా, ఒక్క నిమిషం పుల్లర్ ఇవ్వు" అని వచ్చిన వాడి దగ్గర బైకు తాళం తీసుకుని ఆ గుంటలో పెట్టేయండి. నవ్వుతూ అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. ఆ సాయంత్రమే పుల్లర్ ఇంటికొస్తుంది. టార్క్ రెంచ్, వెర్నియర్ మాత్రం ఎవరికీ ఇవ్వను, అవసరమైతే నేనే వెళ్లి కొలిచి వస్తాను.

మీ గుర్తు పానా మీద వేసుకోవాలంటే అక్షరాల పంచ్‌తో సుత్తి దెబ్బ కొట్టొద్దు. గట్టిపడిన ఉక్కు అక్కడ్నుంచే పగులుతుంది, సాకెట్లు మరీనూ. చేతిలో పట్టుకునే చిన్న కరెంటు ఎన్‌గ్రేవర్‌తో పానా నడుం మీద, నోటికి దూరంగా రెండక్షరాలు గీయించండి. రంగు పూస్తే డీజిల్‌లో కడిగిన కొద్దీ పోతుంది గానీ ఏడాదికోసారి ఆయుధపూజకి మళ్లీ పూసుకోవచ్చు. ఆటోనగర్‌లో పక్కపక్క షెడ్లవాళ్లు ముందే మాట్లాడుకుని తలా ఒక రంగు తీసుకుంటే ఎవరిది ఏదో అన్న గొడవ సగం తగ్గుతుంది.